కుడి పట్టీ జారితే

నేను వెళ్లేసరికే ఆ పిల్ల చేతులకు బేడీలు పడ్డాయి.

శనివారం ఉదయం ఎనిమిదీ ఇరవై. మోటార్‌సైకిళ్ల జాతరకు ఆఖరి రోజు. బ్లాక్ హిల్స్ కొండల కింద ఉన్న శిబిరంలో సగం మంది సామాన్లు సర్దుకుంటున్నారు, తక్కిన సగం మంది పదిహేడో నంబరు స్థలం దగ్గర గుమిగూడి చోద్యం చూస్తున్నారు. అక్కడ ఆర్విల్ స్టెనర్సన్ ట్రైలరు నిలబడి ఉంది. ముందు సగం ఇల్లు, వెనక సగం బండి పెట్టుకునే గది. టాయ్ హాలర్ అంటాం దీన్ని. వెనక తలుపు కిందికి వాలిస్తే అదే ర్యాంపు అవుతుంది, బండి దాని మీదుగా లోపలికి పోతుంది. గంట కిందట ఆ గదిలోనే తన సొంత బండి కింద నలిగి ఆర్విల్ చనిపోయాడు. నాలుగు వందల కిలోల బండి. శవాన్ని అప్పుడే తీసుకెళ్లిపోయారు.

బేడీలు పడ్డది అతని కూతురు మేలీన్‌కి. ముప్ఫై రెండేళ్లుంటాయి. తండ్రి తోలు జాకెట్ తొడుక్కుని, చెక్కబల్ల మీద కూర్చుని, ఎటో చూస్తోంది. పక్కనే పోలీసు కారుకు నడుము ఆనించి డెప్యూటీ లాయిడ్ హస్కెల్ పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

నా పేరు వెల్డా క్రాగ్. పదకొండేళ్లు ఈ కౌంటీలోనే షెరీఫ్ కింద డెప్యూటీగా, అంటే పోలీసుగా పనిచేశాను. ఇలాంటి హస్కెల్‌లను భరించలేకే బ్యాడ్జి బల్ల మీద విసిరికొట్టి వచ్చి, సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నాను. పద్దెనిమిదో నంబరు స్థలంలో ఉండే ఎమ్మెట్ ల్యాట్‌షా నాకు పాత స్నేహితుడు. ఏడూ నలభైకి అతను ఫోన్ చేశాడు. కౌంటీ పట్టణం నుంచి ఇక్కడికి నలభై నిమిషాల దారి, సరిగ్గా నలభై నిమిషాల్లో వచ్చాను.

"వచ్చావా బామ్మా?" అన్నాడు హస్కెల్. "శవం వాసన నీకెంత దూరం నుంచి తగులుతుందో గానీ!"

"ఆ అమ్మాయి ఏం చేసిందో చెప్పు ముందు."

"తండ్రిని చంపింది. చాలా?"

"ఎలా?"

"ఆఫీసులో కాఫీ కూడా తాగనివ్వలేదు ఈ కేసు. ఇప్పుడు నీకు పాఠం చెప్పాలా?" అంటూనే వేళ్లు మడిచాడు. "ఆరున్నరకి తండ్రీకూతుళ్లు బండెక్కించారు. బండి కదలకుండా పట్టీలు కట్టింది ఈవిడే, తనే ఒప్పుకుంది. ఆరూ ముప్పావుకి స్నానాలగదికి పోయింది. ఏడూ ఇరవైకి వచ్చి చూస్తే కుడివైపు పట్టీలు రెండూ ఊడి, బండి కుడిపక్కకి పడి, దాని కింద ఆయన. రాత్రి ఈవిడ ఏమని అరిచిందో తెలుసా? 'ఏదో ఒకరోజు ఆ బండి కిందే పడి చస్తావ్' అంది. శిబిరం మొత్తం విన్నది. కావాలనే కుడిపక్క వదులుగా కట్టి, స్నానానికని తప్పుకుంది."

"వదులుగా కట్టిందని నువ్వెలా తేల్చావ్? నీ జన్మలో ఒక్క బండినైనా ట్రైలర్ ఎక్కించావా?"

హస్కెల్ పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా గొంతు పెంచాడు.

"నేనా? ముప్ఫై ఏళ్లుగా తోలుతున్నా. వానైనా వడగళ్లైనా బండి మీదే వచ్చా, బండి మీదే పోయా. బండిని పెట్టెలో పడుకోబెట్టి, జోకొట్టి తెచ్చుకోవడం మీలాంటి ముసలాళ్ల పని!"

కొందరు నవ్వారు. ఈ ఎత్తిపొడుపు మాకు కొత్తేమీ కాదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ మేమిద్దరం ట్రైలర్లోనే బండి తెచ్చుకున్నాం, ప్రతి ఏడూ ఎవడో ఒకడు ఇదే కూత కూసేవాడు. కానీ చచ్చిపోయిన మనిషి ట్రైలర్ ముందు నిలబడి, అతని కూతురు వింటుండగా అనడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పది నిమిషాలు ఆ అమ్మాయితో మాట్లాడతాను. అడ్డమొచ్చావంటే లాయర్‌తో వస్తాను" అన్నాను.

"మాట్లాడుకో. ఏడుపు తప్ప ఏం రాదు."

బల్ల వైపు నడుస్తూ అతని కారు చూశాను. ముందు కుడి దీపం కొత్తది, తళతళలాడుతోంది. ఎడమది పాతబడి పసుపు పట్టింది. చూశాను గానీ పట్టించుకోలేదు. హస్కెల్‌ను మూర్ఖుడనుకున్నాను నేను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

మేలీన్ పక్కన కూర్చున్నాను.

"పట్టీలు నాలుగూ నువ్వే కట్టావా?"

"నేనే కట్టానండీ."

"ఎంత బిగించావ్?"

"గీత దాకా. నాన్న ప్రతి పట్టీ మీదా తెల్ల పెయింటుతో గీత గీసి పెట్టాడు. ఆ గీత, పట్టీని బిగించే రాచెట్టు మర నోట్లోకి పోయేదాకా పిడి తిప్పాలి. నాకు పన్నెండేళ్లప్పట్నుంచీ అదే లెక్క."

"ఇవాళ గీత దాకా తిప్పావా?"

"తిప్పాననే అనుకుంటున్నా. రాత్రంతా నిద్ర లేదు. ఆయన మీద కోపంతో కట్టా. ఒకవేళ కుడిపక్క తిప్పలేదేమో. నేనే చంపేశానేమోనండీ!"

"నోర్ముయ్!" అన్నాను. అంత గట్టిగా అనాల్సింది కాదు. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే చెంప పగులుద్ది. వాడి పని నువ్వెందుకు చేసిపెడతావ్? సైడ్ స్టాండు సంగతి చెప్పు. ఎత్తారా, దించారా?"

"ఎత్తేశాం. స్టాండు కింద పెట్టి పట్టీలు బిగిస్తే నాన్న ఊరుకుంటాడా? బండి బరువంతా దాని మీద పడి వంగిపోద్దని గంతులేస్తాడు."

గంతులేస్తాడు అంది. ఆమెకు తండ్రి ఇంకా గంతులేస్తూనే ఉన్నాడు.

"రాత్రి గొడవ దేనికి?"

"గురువారం లోయ రోడ్డు మీద ఒకతన్ని ఏదో కారు గుద్దేసి పారిపోయింది చూడండి. ఇరవై నాలుగేళ్లంట, చనిపోయాడు. కాసేపటి ముందే నాన్న ఆ దారిన వచ్చాడు. బండికి ముందూ వెనకా కెమెరాలున్నాయి. ఆ కారు అందులో పడే ఉంటుంది, ఆ వీడియో పోలీసుల చేతికిచ్చేదాకా కదలనన్నాడు. నాకేమో సోమవారం ఆస్పత్రిలో డ్యూటీ. ఎలాగోలా పంపించి పోదాం పదా అన్నా. 'ఆ పిల్లాడి తల్లి నా ఎదురుగా వచ్చి అడిగితే ఏం చెప్పను' అని అరిచాడు. నేనూ అరిచా."

"పోలీసులకు చెప్పాడా?"

"నిన్న సాయంత్రం షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ కేసు చూసేవాళ్లు పొద్దున్నే వస్తారన్నారంట. వాళ్లు రాగానే బయల్దేరదామని బండెక్కించేశాం. నేనున్నంత వరకూ ఎవరూ రాలేదు."

"ఈ జాకెట్?"

ఆమె సంకెళ్ల చేతులతోనే దాని అంచు పట్టుకుంది. "పట్టీలు కట్టాక స్నానానికి పోతుంటే వెనకనుంచి పిలిచాడు. చలిగా ఉందే అని తనే తొడిగాడు. తప్పయిందని చెప్పడం రాదాయనకి. జాకెట్ తొడిగి వెళ్లిపోయాడు. ఆయన సామానంతా ఇందులోనే ఉంటుంది, కళ్లజోడూ మాత్రలూ ఏవేవో. రాత్రిళ్లు కూడా దీన్ని తలకిందే పెట్టుకుంటాడు."

హస్కెల్ వచ్చి మా నెత్తిన నిలబడ్డాడు. "టైమైంది. లే. ఆ జాకెట్ విప్పించాలి, జైల్లో కుదరదు." అంటూ కాలరు పట్టుకుని లాగాడు. మేలీన్ కుక్కిన పేనులా ముడుచుకుపోయింది.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

"దాని జోలికి రాకు హస్కెల్! పొద్దున వాళ్ల నాన్న తన చేత్తో తొడిగిన జాకెట్ అది. ఆయన ప్రాణంలా దాచుకున్నవన్నీ ఇంకా ఆ జేబుల్లోనే ఉన్నాయి. దాన్ని కూడా లాక్కుంటావా? మనిషివా నువ్వు? ఇంతమందిలో లాగి చూడు, ఏం జరుగుద్దో!"

జనం గొణగడం మొదలుపెట్టారు. ఇందాక నవ్వినవాళ్లే ఇప్పుడు తిట్లందుకున్నారు. హస్కెల్ చెయ్యి ఆగింది. జాకెట్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. ఈసారి వెటకారం లేదు.

"సరే, ఉంచుకోనీ. పాపం చలిగా ఉంది" అన్నాడు. కాలరు కూడా సర్ది, ఆమెను కారు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. "ట్రైలర్‌ని లాక్కుపోవడానికి పదింటికి బండొస్తుంది. ఈలోపు ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అని అందరికీ వినిపించి, తొమ్మిదీ అయిదుకు వెళ్లిపోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

ముట్టుకోవద్దన్నాడు గాబట్టి వెంటనే ట్రైలర్ ఎక్కాను. ఎమ్మెట్ కుంటుకుంటూ నా వెనకే వచ్చాడు. డెబ్బై ఏళ్లు అతనికి. పశువుల లారీ తోలి రిటైరయ్యాడు. ఏటా జాతరలో ఆర్విల్ పక్క స్థలమే అతనిది.

గది ఇరుకు. ముందు చక్రం ఇరికించే ఇనప పట్టు నేలకు బిగించి ఉంది. బండిని ఎమ్మెట్, మరో ముగ్గురు కలిసి లేపి, ఎడమ గోడకు ఆనించి తాడుతో కట్టారు. కుడి పట్టీలు రెండూ నేల మీద పడున్నాయి. ఎడమ పట్టీలు రెండూ ఇంకా కొక్కేలకు తగిలించే ఉన్నాయి, కానీ వదులుగా వేలాడుతున్నాయి.

"ఈ ఎడమ పట్టీలు మీరు వదులు చేశారా?"

"లేదు. మేం వచ్చేసరికి టంగుమనేలా ఉన్నాయి. బండి లేపగానే ఇలా వేలాడిపోయాయి."

"ఎమ్మెట్, నువ్వు ఇప్పటిదాకా ఎన్ని బండ్లు ఎక్కించుంటావ్?"

"లెక్కెవడు పెట్టాడు?"

"కుడి పట్టీ జారితే బండి ఎటు పడుద్ది?"

"అదేం ప్రశ్న, కు..." అని నోరు తెరిచినవాడు అలాగే ఆగిపోయాడు. బండి వైపు చూశాడు, పట్టీల వైపు చూశాడు. "ఎడమకి" అన్నాడు నెమ్మదిగా. "ఎడమ పట్టీ లాగేస్తుంది గదా. అవతల ఆపేదేం లేనప్పుడు ఎడమకే పడాలి."

"ఇది కుడికెలా పడింది?"

ఎమ్మెట్ ఒక పచ్చి తిట్టు తిట్టాడు.

ట్రైలర్లో బండి తెచ్చుకునే ఏ మనిషినడిగినా చెబుతాడు. ఎడమ పట్టీలు బిగుతుగా ఉండగా బండి కుడికి పడనే పడదు. పడిందంటే, పడేటప్పుడు ఏ పట్టీ లేదన్నమాట. పడ్డ తర్వాత ఎవడో తీరిగ్గా ఎడమ పట్టీలు తగిలించి బిగించాడు. కుడి పట్టీలు ఊడాయి గనక కుడికి పడిందని లోకం నమ్ముతుందనుకున్నాడు. వంగి ఎడమ పట్టీ మీద తెల్ల గీత వెతికాను. మేలీన్ చెప్పినట్టయితే అది రాచెట్టు నోట్లో ఉండాలి. జానెడున్నర దూరంలో ఆగిపోయి ఉంది. పడుకున్న బండికి కొలిచి కట్టిన పట్టీ అది. నేల మీది కుడి పట్టీలు చూశాను. తెల్ల గీత దగ్గర రాచెట్టు నొక్కిన మడత ఇంకా పచ్చిగా కనబడుతోంది. ఆ పిల్ల గీత దాకా తిప్పింది. నాలుగూ తిప్పింది. తండ్రిని చంపానేమోనని కుమిలిపోతూ ఆ కార్లో కూర్చుని ఉంటుందిప్పుడు.

"నీ కాలికేమైంది?" అడిగాను.

"బండి లేపేటప్పుడు సైడ్ స్టాండు తగిలింది. ఇదిగో" అని ప్యాంటు పైకి లాగాడు. మోకాలి కింద కోడిగుడ్డంత వాపు.

"స్టాండు దించి ఉందా అప్పటికే?"

"దించే ఉంది. మేమెవరం ముట్టుకోలేదు. అదేంటి, ఆర్విల్ స్టాండు దించి పట్టీలు కట్టడే!"

"కట్టలేదు. ఎవడో పట్టీలు నాలుగూ విప్పి, స్టాండు దించి, బండిని పట్టులోంచి వెనక్కి లాగాడు. ఎందుకో చూద్దాం."

కారణం కళ్లెదుటే ఉంది. బండి పట్టులో ఉన్నంతసేపూ దాని కుడిపక్క సామాను పెట్టె గోడ అలమరాకు ఆనుకుని ఉంటుంది. బండిని వెనక్కి లాగితే గానీ మూత తెరుచుకోదు. ఇప్పుడా మూత గొళ్లెం విరిగి తెరుచుకుని ఉంది. లోపల కెమెరాల రికార్డరు. దాని చిన్న తలుపు ఊడదీసి ఉంది. వీడియోలు నిలవుండే కార్డు ఉండాల్సిన చోటు ఖాళీ.

జరిగింది నాకు అర్థమైంది. ఆర్విల్ ముందు గదిలో ఉన్నాడు. చప్పుడు విని మధ్య తలుపు తీసుకుని వచ్చాడు. ఆ తలుపు కుడి గోడ వైపు. బండికీ గోడకీ మధ్యకి వచ్చి నిలబడి అడిగి ఉంటాడు, ఎవరు నువ్వని. అవతలి మనిషి బండిని రెండు చేతులతో అతని మీదికి తోశాడు. స్టాండు ఎడమపక్క ఉంటుంది, కుడికి తోస్తే ఆపదు. నాలుగు వందల కిలోలు.

"కార్డు పట్టుకుపోయాడు దొంగనాకొడుకు" అన్నాను.

"పట్టుకుపోలేదు" అన్నాడు ఎమ్మెట్. "కార్డు బండిలో ఉండదు. మూడేళ్ల కిందట ఎవడో కొట్టేశాడని రోజూ రాత్రి తీసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటాడు. మళ్లీ బయల్దేరేటప్పుడే రికార్డర్లో పెట్టేది."

నేను ర్యాంపు మీదే కూర్చుండిపోయాను.

పట్టీలు కట్టినవాడికి బండి తోలడం తెలుసు, ట్రైలరు సంగతి తెలియదు. తెలియదని పొద్దున్నే నలుగురి ముందూ గొప్పగా చెప్పుకున్నాడు.

"హస్కెల్ ఎన్నింటికి వచ్చాడు ఎమ్మెట్?"

"మేలీన్ కేక వేసింది ఏడూ ఇరవైకి. ఫోన్ చేసింది ఇరవై రెండుకి. మేం బండి లేపి ఊపిరైనా పీల్చుకోలేదు, వాడు దిగాడు. ఏడున్నర కూడా కాలేదు."

"ఆఫీసులో కాఫీ తాగుతుంటే కబురొచ్చిందన్నాడు నాతో."

"ఆఫీసు నుంచా? ఎనిమిది నిమిషాల్లోనా? ఎగురుకుంటూ వచ్చాడా?"

కొత్త కుడి దీపం. గురువారం నాటి లోయ రోడ్డు. ఆర్విల్ ఫోన్ చేసింది షెరీఫ్ ఆఫీసుకే, హస్కెల్ చెవిన పడేచోటికే. ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను అరుస్తూ కూర్చున్నాను.

ఫోన్ తీసి షెరీఫ్ ఆఫీసులో రేడియో దగ్గర కూర్చునే డొలొరెస్‌కు కలిపాను. నాతోపాటు చేరిన మనిషి, ఇంకా అక్కడే ఉంది.

"డొలొరెస్, హస్కెల్ ఎక్కడున్నాడు?"

"ఇవాళ సెలవు గదా వాడికి. అయినా పొద్దున ఆ శిబిరం కేసుకి నేను కారు పంపుతుంటే రేడియోలో అడ్డం పడ్డాడు. తను అక్కడే ఉన్నాడంట, ఉత్త ప్రమాదమేనంట, తనే చూసుకుంటా ఎవర్నీ పంపొద్దన్నాడు."

"ఒకమ్మాయిని అరెస్టు చేశాడు. జైలుకి తీసుకొస్తున్నానని ఇరవై నిమిషాల కిందట బయల్దేరాడు."

"ఏ అమ్మాయి?" అంది డొలొరెస్. "ఇక్కడ ఎవరి పేరూ నమోదు కాలేదు వెల్డా. జైలు వాళ్లకీ చెప్పలేదు. కేసు ప్రమాదమని మూసేశాడు."

"ఉన్న కార్లన్నీ లోయ రోడ్డుకి పంపించు. వాడికి రేడియోలో వినబడనివ్వకు. ఫోన్లు చెయ్!"

"లోయ రోడ్డని నీకెలా తెలుసు?"

నాకు తెలియదు, గురువారం చావు గుర్తొచ్చి అనేశాను. ఎమ్మెట్ వైపు చూశాను. అతను గేటు వైపు చూస్తున్నాడు.

"గేటు దగ్గర వాడు ఎడమకి తిరిగాడు వెల్డా, లోయ రోడ్డు వైపే" అన్నాడు. "పట్టణానికి కుడికి గదా పోవాలి. అడ్డదారేదో ఉందేమో అనుకున్నా."

నేను అప్పటికే నా పికప్ వైపు పరిగెడుతున్నాను. ఎమ్మెట్ ఆ కాలుతోనే వచ్చి పక్క సీట్లో పడ్డాడు. గేటు దగ్గర ఇళ్లకు పోయే ట్రైలర్ల బారు. హారన్ మీద చెయ్యి తీయకుండా గడ్డిలోకి దించి, కంచె పక్కగా రోడ్డెక్కించి, ఎడమకి తిప్పాను. ఇరవై రెండు నిమిషాల వెనకబాటు.

"నాకొకటి అర్థం కావట్లేదు" అన్నాడు ఎమ్మెట్, తలుపు పిడి పట్టుకుని. "రికార్డరు ఖాళీగా ఉండేసరికి ఆర్విల్ ఇంకెక్కడో దాచాడనుకోవాలి వాడు. అందుకే అరెస్టు పేరుతో ఆ పిల్లని తప్పించి, ట్రైలర్‌ని లాక్కుపోయి వెతుకుదామనుకున్నాడు. మరి కార్డు ఆ పిల్ల ఒంటి మీదుందని వాడికెవడు చెప్పాడు?"

"నేనే" అన్నాను. "అరిచి మరీ చెప్పాను."